వడకట్టే పోగు, ఎంచుకునే పొర

పోయిన సంచికలో మన ఒంట్లోని ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పలచని పొర గురించి రాశాను. ఏది లోపలికి రావాలి, ఏది బయటికి పోవాలి అన్నది ఆ పొర దగ్గరే తేలుతుందని చెప్పాను. దాని మీద ఇచ్ఛాపురం మొదలుకొని శృంగవరపుకోట దాకా ఉత్తరాలు వచ్చాయి. తలో రకంగా రాసినా అందరూ అడిగింది ఒకటే: అలాంటి పొరను మనిషి తయారు చేయలేడా? చేస్తున్నాడు, కొంత చేశాడు కూడా. ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో శ్రీకాకుళం, విజయనగరం, మన రెండు జిల్లాల వాళ్లూ తెలుసుకోవాలి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో మనిషి చేసిన పొర మీద ఆధారపడి రోజులు గడుపుతున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మా అక్క ఇల్లు అందులో ఒకటి. బావగారిది సోంపేట, డయాలసిస్ మీద, అంటే కిడ్నీలకు బదులు యంత్రంతో రక్తాన్ని శుభ్రం చేయించుకుంటూ ఉన్నారు. శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి రసాయన శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఆయన సందేహాలన్నీ నా దగ్గరికే వస్తాయి. అందుకే ఈ నెల మొత్తం ఈ విషయానికే కేటాయించాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కవిటి మండలం. మా అయ్యకి వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్ చేస్తున్నారు. మిషనుకి నిలువుగా తగిలించే గొట్టంలో కిడ్నీ లాంటి పొర ఉంటుందని అక్కడ పనిచేసే అబ్బాయి చెప్పాడు. "కిడ్నీ లాంటిదే అయితే మరి నీళ్లు కొలిచి ఎందుకిస్తన్నారే? అరటిపండు ఎందుకు తినొద్దంతన్నారు?" అని అయ్య నన్ను అడుగుతున్నాడు. నేను ఇంటర్ బైపీసీ చదివాను, అయినా ఏటని చెప్పాలో తెలియలేదు. ఒంట్లోనే పెట్టుకునే కృత్రిమ కిడ్నీ వచ్చేసిందని వాట్సాప్‌లో కూడా వచ్చింది. అది నిజమేనా?
– ఒక కూతురు, కవిటి మండలం

జవాబు: అమ్మా, మీ అయ్య అడగాల్సిందే అడిగారు. ఆయనకి చెప్పే ముందు ఆ గొట్టంలో ఏముందో నువ్వు చూడాలి.

దాని పేరు డయలైజర్. ఫిల్టర్ అని కూడా అంటారు. గడువు తీరిపోయి, ఎవరికీ వాడకుండా మిగిలిన డయలైజర్ ఒకటి అడిగి తెచ్చుకుని మా వరండాలో హేక్సా బ్లేడుతో అడ్డంగా కోసి చూశాను. (వాడినదాన్ని మాత్రం ఎవరూ ఇలా ముట్టుకోకూడదు, అందులో రక్తం ఉంటుంది.) లోపల తెల్లటి సన్న పోగులు ఒత్తుగా కూరి ఉన్నాయి. ఒక గొట్టంలో ఇంచుమించు 10,000 పోగులుంటాయి. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి పోగు కొసనా ఒక బెజ్జం కనిపించింది. అవి బోలు పోగులు. లోపలి వ్యాసం దాదాపు 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. గోడ మందం 40 మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. ఆ గోడలన్నీ విప్పి పరవగలిగితే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల పొర అవుతుంది. రక్తం పోగు లోపల నడుస్తుంది, డయాలసిస్ ద్రవం పోగు బయట ఎదురు దిశలో నడుస్తుంది. రెంటికీ మధ్య ఉన్నది ఆ గోడ ఒక్కటే. పాలీసల్ఫోన్, పాలీఈథర్‌సల్ఫోన్ అనే పాలిమర్లతో, అంటే చిన్న ముక్కలు వరసగా అతుక్కున్న గొలుసుల్లాంటి అణువులతో దాన్ని చేస్తారు. అవి నీటితో సరిగా కలవవు కాబట్టి నీటితో స్నేహంగా ఉండే పీవీపీ అనే మరో పాలిమర్‌ను జోడిస్తారు.

ఇక మీ అయ్యకి చెప్పేది. మీవి సముద్రం పక్క ఊళ్లు కదా, వలతో పోల్చి చెప్పు. వల కన్ను కన్నా చిన్న చేప జారిపోతుంది, పెద్దది చిక్కుకుంటుంది. ఏ చేప కావాలో ఏది వద్దో వలకి తెలియదు. డయలైజర్ పొర కూడా అంతే. యూరియా అణుభారం 60, క్రియాటినిన్‌ది 113. రెండూ దాటిపోతాయి, పోవాల్సినవే. ఆల్బుమిన్ అనే ప్రొటీన్ అణుభారం 66,000 పైమాట, అది రక్తంలోనే ఆగిపోతుంది, ఆగాల్సిందే. కానీ సోడియం, పొటాషియం, గ్లూకోజు కూడా చిన్నవే కదా, అవీ దాటిపోతాయి. మరి ఒంటికి కావలసిన సోడియం పోకుండా ఆపుతున్నదెవరు? పొర ఆపడం లేదు. బయట నడిచే ద్రవంలో సోడియాన్ని రక్తంలో ఉన్నంత మోతాదులోనే కలుపుతారు. రెండు పక్కలా సమానంగా ఉన్నప్పుడు ఎటూ పెద్దగా పోదు. పొటాషియం రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీఈక్వివలెంట్లు ఉండాలి. ద్రవంలో తరచూ 2 మాత్రమే ఉంచుతారు, ఆ తేడా వల్ల రక్తంలో పేరుకున్నది బయటికి వస్తుంది. ఏది ఎంత తీయాలన్న నిర్ణయం డాక్టరు చేసి ద్రవంలో పెడుతున్నారు. పొర దారి ఇస్తోంది, అంతవరకే.

కిడ్నీ చేసే పని దీనికి చాలా ముందుంది. ఆరోగ్యంగా ఉన్న రెండు కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో 99 శాతాన్ని తిరిగి రక్తంలోకి తీసేసుకుంటాయి, ఒకటిన్నర రెండు లీటర్లే మూత్రంగా పోతుంది. వడకట్టడం కన్నా ఈ వెనక్కి తీసుకోవడమే గొప్ప పని. సన్నని నాళాల గోడల్లోని కణాలు దాన్ని చేస్తాయి. వాటి పొరలో గ్లూకోజుకొక ప్రొటీన్ ద్వారం ఉంది, సోడియానికి వేరే ద్వారాలున్నాయి, నీటికి ఆక్వాపోరిన్ ఉంది. జీడితోటలో ఎండకు పనిచేసి, నీళ్లు తాగడం ఆలస్యమైందనుకో. మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. అది అందగానే కిడ్నీలోని కణాలు తమ లోపల దాచుకున్న ఆక్వాపోరిన్లను పైకి తెచ్చి పొరలో అమరుస్తాయి. నీరు రక్తంలోకి తిరిగొస్తుంది, మూత్రం చిక్కబడుతుంది. రెండు చెంబుల నీళ్లు తాగగానే వాటిని మళ్లీ లోపలికి లాక్కుంటాయి. ఒంటి అవసరాన్ని బట్టి తన ద్వారాలను తానే పెంచుకుని, తానే తగ్గించుకునే పొర అది. అలాంటి పాలిమర్ పొరను ఇంతవరకు ఎవరూ చేయలేదు.

పైగా కిడ్నీ వారానికి 168 గంటలూ పనిచేస్తుంది. మీ అయ్యకి రెండుసార్లు నాలుగేసి గంటలైతే మొత్తం ఎనిమిది గంటలే. మిగతా 160 గంటల్లో తాగిన నీరు బయటికి దారి లేక ఒంట్లోనే ఉండిపోతుంది, కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ దిగుతుంది. అరటిపండులో పొటాషియం ఎక్కువ. అది రక్తంలో హెచ్చితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. నీళ్ల కొలతా, పండు వద్దనడమూ ఇందుకే. ఎంత నీరు తాగవచ్చో ఆయన బరువును బట్టి, మూత్రం ఇంకా వస్తోందా లేదా అన్నదాన్ని బట్టి డాక్టరు చెబుతారు. మన ఊళ్లో ఇంకొకరి కొలత ఈయనకి పనికిరాదు.

వాట్సాప్ సంగతి. ఇలాంటి కబురు చూసినప్పుడల్లా నాకు బాధా కోపమూ రెండూ కలుగుతాయి, దాన్ని నమ్మి ఎదురుచూసే మనుషులు మన ఇళ్లలో ఉన్నారు కాబట్టి. జరిగింది ఇది. అమెరికాలో డేవిడ్ హ్యూమ్స్ బృందం బోలు పోగుల లోపలి గోడకి బతికున్న కిడ్నీ కణాలను అంటించి పెంచి, మామూలు డయాలసిస్‌కి జతగా రక్తం నడిపి చూసింది. మనుషుల మీద పరీక్షలూ జరిగాయి, ఆసుపత్రుల్లో వాడకానికి రాలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో షువో రాయ్ బృందం అతిసన్నని రంధ్రాలున్న సిలికాన్ పొరల చాటున కిడ్నీ కణాలను ఉంచి ఒక చిన్న పరికరం చేసింది. దాన్ని పందుల ఒంట్లో 7 రోజులు ఉంచామని, కణాలు బతికే ఉన్నాయని 2023లో ప్రకటించారు. రెండు ప్రయత్నాల్లోనూ ఎంచుకునే పని బతికున్న కణాలకే వదిలారు, మనిషి చేసిన పొరకి వడకట్టే పని, కాపు కాసే పని అప్పగించారు. సరైన దారే. కానీ మీ అయ్యకి రేపు అందేది కాదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచాక మీకు విశాఖ దాకా పోయే శ్రమ తప్పింది. ఒక్క రోజు కూడా మానకుండా తీసుకెళ్లు. కిడ్నీ మార్పిడికి ఆయన ఒళ్లు తట్టుకుంటుందా అని అక్కడి కిడ్నీ డాక్టరును (నెఫ్రాలజిస్టును) నువ్వే నోరు తెరిచి అడుగు.

ప్రశ్న: పాలిమర్ అంటే ప్లాస్టిక్కే కదండీ. దాన్ని తీసుకెళ్లి రక్తానికి తగిలించడం ఏమిటి?
– నేతపని చేసే పాఠకుడు, పొందూరు

జవాబు: మీ మగ్గం మీద ఉన్న నూలు కూడా పాలిమరేనండి. పత్తిలో ఉన్నది సెల్యులోజ్, అంటే వేల గ్లూకోజు ముక్కలు వరసగా అతుక్కున్న పొడవాటి గొలుసు. ప్లాస్టిక్కులన్నీ పాలిమర్లే, పాలిమర్లన్నీ ప్లాస్టిక్కులు కావు. మన జుట్టు, పిండిపదార్థం, డీఎన్ఏ కూడా ఆ కుటుంబంలోవే. 1943లో, యుద్ధం నడుస్తుండగా, నెదర్లాండ్స్‌లోని కాంపెన్ అనే చిన్న ఊళ్లో విల్లెం కోల్ఫ్ అనే డాక్టరు డయాలసిస్ యంత్రం తయారు చేశాడు. దానికి పొర ఎక్కడిదనుకున్నారు? మాంసం కూరి అమ్మే సాసేజ్‌లకి తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టం. సెల్లోఫేన్ కూడా సెల్యులోజే. పొందూరు ఖాదీలో ఉన్న అణువే ఆ యంత్రంలో మనుషుల రక్తాన్ని వడకట్టింది. మొదట చికిత్స చేసిన వాళ్లు చాలామంది దక్కలేదు. 1945లో స్పృహ తప్పిన స్థితిలో తెచ్చిన ఒక పెద్దావిడ లేచి కూర్చుంది.

ప్రశ్న: సెమినార్‌కి నాకు 'పాలిమర్‌సోమ్‌లు' అనే అంశం ఇచ్చారు మేడమ్. లైపోసోమ్ గురించి చదివాను. లిపిడ్ బదులు పాలిమర్ పెడితే వచ్చే లాభం ఏమిటి? కోట్ల ఏళ్లుగా ప్రకృతి లిపిడ్‌నే వాడుతుంటే మనం దాన్ని ఎందుకు మార్చాలి?
– ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: బాబూ, నీ రెండో ప్రశ్ననే సెమినార్‌లో మొదటి మాటగా పెట్టు. వినేవాళ్లు లేచి కూర్చుంటారు. ముందు లిపిడ్ పొర, అంటే కొవ్వు జాతి అణువుల పొర, ఎలా నిలబడి ఉందో చూద్దాం.

1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాల్లోంచి లిపిడ్‌లు తీసి, వాటిని నీటి మీద ఒక్క అణువు మందాన పరిచి వైశాల్యం కొలిచారు. కణాల ఉపరితలానికి అది దాదాపు రెట్టింపు వచ్చింది. కణం చుట్టూ లిపిడ్‌లు రెండు వరసలుగా ఉన్నాయన్న సంగతి అలా బయటపడింది. ప్రతి లిపిడ్ అణువుకీ నీటిని కోరే తల ఒకటి, నీరంటే పడని తోకలు రెండు. తలలు నీటివైపు, తోకలు లోపలికి. మొత్తం మందం 4, 5 నానోమీటర్లు (మైక్రానులో వెయ్యో వంతు ఒక నానోమీటరు). పక్కపక్క అణువుల మధ్య రసాయన బంధం ఏదీ లేదు. తోకలు నీటికి దూరంగా జరగడం వల్లే ఆ పొర నిలిచి ఉంది. అందుకే అందులోని అణువులు, ప్రొటీన్లు అటూ ఇటూ జారుతూ ఉంటాయి. 1972లో సింగర్, నికల్సన్ ఇచ్చిన ఫ్లూయిడ్ మొజాయిక్ నమూనా చెప్పేది ఇదే, అది నువ్వు చదివే ఉంటావు.

ఇదే లిపిడ్‌ను నీటిలో కలిపితే తనంతట తాను బుడగలుగా చుట్టుకుంటుందని 1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ చూపించాడు. అవే నీకు తెలిసిన లైపోసోమ్‌లు. డాక్సోరుబిసిన్ అనే కేన్సర్ మందును వాటిలో నింపి ఇవ్వడానికి 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఐతే లిపిడ్ బుడగ సున్నితం. దాని వైశాల్యాన్ని ఐదు శాతం మేర సాగదీస్తే చిరుగుతుంది, లోపలున్నది మెల్లమెల్లగా కారిపోతుంది.

అక్కడ పాలిమర్ వచ్చింది. ఒక కొస నీటిని కోరే గొలుసు, ఇంకో కొస నీరంటే పడని గొలుసు, రెండూ అతికించిన డైబ్లాక్ కోపాలిమర్. లిపిడ్‌లో ఉన్న ఏర్పాటే, అణువు మాత్రం కొన్ని రెట్లు పెద్దది. 1999లో డెన్నిస్ డిషర్, డేనియల్ హామర్, ఫ్రాంక్ బేట్స్ బృందం పాలీఇథిలీన్ ఆక్సైడ్‌కి పాలీఇథైల్‌ఇథిలీన్ జోడించిన పాలిమర్‌తో బుడగలు చేసి సైన్స్ పత్రికలో ప్రచురించింది. పాలిమర్‌సోమ్ అన్న పేరు అక్కడిదే. వాటి పొర మందం 8 నానోమీటర్లు. సన్నని గాజు గొట్టంతో ఒక్కో బుడగను పీల్చి పట్టి, ఎంత లాగితే పగులుతుందో కొలిచారు. లిపిడ్ పొర కన్నా అది దాదాపు పది రెట్లు గట్టిదని తేలింది. అదే వ్యాసంలో ఇంకో మాట ఉంది, చాలామంది సెమినార్లలో దాన్ని వదిలేస్తారు, నువ్వు వదలొద్దు: ఆ పొరలోంచి నీరు దాటే వేగం లిపిడ్ పొరతో పోలిస్తే కనీసం పది రెట్లు తక్కువ.

గట్టిదనం వచ్చింది, దారి మూసుకుపోయింది. దాన్ని తెరవడానికి జరిగిన ప్రయత్నమే ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఎర్ర రక్తకణాల్లోనూ కిడ్నీలోనూ కనిపించిన ఒక ప్రొటీన్ నీటికి ద్వారమని 1992లో పీటర్ ఆగ్రె బృందం నిరూపించింది. అదే ఆక్వాపోరిన్. దాని ఇరుకైన చోట వెడల్పు 0.28 నానోమీటర్లు, నీటి అణువు ఒక్కటొక్కటిగా పట్టేంత. సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులు దాటుతాయి, ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) మాత్రం దాటలేదు. ఆగ్రెకి 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది, పొటాషియం ఛానల్ నిర్మాణం చూపించిన రోడరిక్ మెకినన్‌తో కలిపి. ఇక 2007లో మనీష్ కుమార్, వోల్ఫ్‌గాంగ్ మయర్ తదితరులు బ్యాక్టీరియాలోని ఆక్వాపోరిన్ జెడ్ అనే ప్రొటీన్‌ను ఒక ట్రైబ్లాక్ (మూడు ముక్కల గొలుసు) పాలిమర్ బుడగ పొరలో కూర్చోబెట్టారు. ఆ పాలిమర్ మధ్య భాగం సిలికోన్ రబ్బరు జాతిది. ఉత్త పాలిమర్ పొరతో పోలిస్తే నీరు దాటే సామర్థ్యం 800 రెట్ల దాకా పెరిగింది.

ఇక్కడ ఎవరైనా లేచి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ ప్రొటీన్ నాలుగైదు నానోమీటర్ల లిపిడ్ పొరకి సరిపోయేలా పుట్టింది, దానికన్నా మందమైన పాలిమర్ పొరలో మునిగిపోకుండా ఎలా పనిచేసింది? ఆ సిలికోన్ గొలుసులు చాలా మెత్తనివి, వంగేవి. ప్రొటీన్ ఉన్నచోట అవి నొక్కుకుని పలచబడి దానికి తగిన ఎత్తుకి సర్దుకుంటాయి. గొలుసు బిరుసుగా ఉన్న పాలిమర్‌తో ఇది కుదరదు. పాలిమర్‌ను ఎంచుకోవడంలో ఉన్న నేర్పు అదే.

ఇప్పుడు నీ రెండో ప్రశ్నకి నా అభిప్రాయం. బతికున్న కణానికి పొర చిరగకుండా ఉండటం కన్నా, చిరిగినచోట అతుక్కోవడం ముఖ్యం. అది రెండుగా చీలాలి, పక్కదానితో కలవాలి, తన లిపిడ్‌లను తానే తయారు చేసుకుని పాతవి తీసేయాలి. అన్నిటికీ వదులుగా, జారుడుగా ఉండే లిపిడే తగినది. మనం చేసిన పొర వెనక మరమ్మతు చేసే కణం లేదు. ఒకసారి చేసి వదిలేస్తే నెలల తరబడి నిలవాలి. అందుకే మనకి పాలిమర్ గట్టిదనం కావాలి. పాలిమర్‌సోమ్ లిపిడ్ పొర కన్నా మెరుగైనదని నీ సెమినార్‌లో రాయకు. దాని అవసరం వేరు, దీని అవసరం వేరు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా వీధికి ఒకాయన నీళ్ల మిషను అమ్మడానికి వచ్చారు. "ఇది మామూలు ఆర్వో కాదమ్మా, ప్రాణమున్న పొర, కిడ్నీలో ఉండే ద్వారాలే ఇందులో పెట్టారు, ఈ నీళ్లు తాగితే కిడ్నీ జబ్బు రాదు" అంటున్నారు. ధర మామూలుదానికి రెట్టింపు చెప్పారు. కొనమంటారా?
– గృహిణి, రాజాం

జవాబు: ఆ మాటలు నమ్మి మాత్రం కొనకండి. ఆయన మూడు మాటలు చెప్పారు. ఒకటి సగం నిజం, రెండు అబద్ధం.

ఆక్వాపోరిన్ ద్వారాలున్న ఫిల్టర్ పొరలు ప్రపంచంలో నిజంగానే ఉన్నాయి. డెన్మార్క్‌లో 2005లో మొదలైన ఆక్వాపోరిన్ అనే కంపెనీ వాటిని తయారు చేసింది. పైన విద్యార్థికి చెప్పిన ఆ ప్రొటీన్‌నే బుడగల్లో నింపి, ఆ బుడగలను ఆర్వో పొరలో పొదుగుతారు. మీ ఇంటికి వచ్చినదాంట్లో అది ఉందో లేదో పొర తయారీదారు పేరు, మోడల్ కాగితం మీద చూపించమని అడిగితే తెలుస్తుంది. ఉన్నా సరే, అందులో ప్రాణం లేదు. అది ఒక ప్రొటీన్ అణువు. దానికి దాహం తెలియదు, హార్మోన్ అందదు.

మామూలు ఆర్వో పొరను తక్కువ చేయాల్సిన పనిలేదు. 1950ల చివర్లో అమెరికాలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ ఎసిటేట్‌తో పనికొచ్చే ఆర్వో పొరను మొదటగా చేశారు. తర్వాత 1970లలో జాన్ కడోట్ పాలిఅమైడ్ పలచని పూతతో ఇంకా మంచిది చేశాడు. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్నవి ఆ జాతివే. పనిచేసే పూత మందం 100, 200 నానోమీటర్లు ఉంటుంది. నీరు ఆ పాలిమర్ గొలుసుల సందుల్లోంచి చొరబడి దాటుతుంది, ఉప్పు చాలావరకు వెనకే ఉండిపోతుంది. దానికి మోటారు ఒత్తిడి కావాలి, పక్కన కొంత నీరు వృథాగా పోతుంది.

కిడ్నీ జబ్బు రాదన్న మాట మాత్రం తప్పు, అంతే కాదు, మన ప్రాంతంలో అది అనకూడని మాట. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. నీరు, ఎండలో పని, పురుగుమందులు, వంశపారంపర్యం అన్నిటినీ పరిశోధకులు చూస్తూనే ఉన్నారు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానానికి తెచ్చింది మంచి తాగునీరు అందాలని. కారణమే తేలని జబ్బుకి వీధిలో నిలబడి ఎవరైనా హామీ ఇస్తుంటే ఆ మనిషి దగ్గర ఏదీ కొనకండి.

ముందు మీ నీటిని పరీక్ష చేయించండి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, గరిష్ఠంగా 1.5. మీ నీటిలో ఇవీ, పరీక్షలో చూసే మిగతావీ పరిమితిలో ఉంటే ఆర్వోనే అక్కర్లేదు, కాచి చల్లార్చుకుంటే చాలు.

ప్రశ్న: నాకు గుండెకి స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఆపొద్దన్నారు. మన రక్తనాళాల్లో గడ్డకట్టని రక్తం స్టెంట్ మీద ఎందుకు గడ్డకడుతుంది? కణం పొరలా ఉండే పూతలు వచ్చాయని చదివాను, అవి ఉంటే మాత్రలు మానేయవచ్చా?
– రిటైర్డ్ ఉద్యోగి, బొబ్బిలి

జవాబు: ముందుగా చివరి ప్రశ్నకి: మానకూడదండి. మీ కార్డియాలజిస్టు చెప్పేదాకా ఒక్క మాత్ర కూడా.

లోహం గానీ ప్లాస్టిక్ గానీ రక్తానికి తగిలిన కొన్ని సెకన్లలోనే ఫైబ్రినోజన్ లాంటి ప్రొటీన్లు దాని మీద అతుక్కుని ఆకారం మార్చుకుంటాయి. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు వాటిని గుర్తుపట్టి వచ్చి చేరతాయి. కణం పొర మీద అలా జరగదు. కణం పొరలోని రెండు వరసలూ ఒక రకం కావు. రక్తం వైపు ఉన్న బయటి వరసలో ఎక్కువగా ఫాస్ఫోరిల్‌కోలిన్ తలలుంటాయి. ఆ తలలో ధనావేశం, రుణావేశం రెండూ సమానంగా ఉండి, చుట్టూ నీటిని పట్టుకుని ఉంటుంది. ప్రొటీన్లకి అక్కడ పట్టు దొరకదు. లోపలి వరసలో ఫాస్ఫటిడిల్‌సెరీన్ ఉంటుంది. గాయమైనప్పుడు ప్లేట్‌లెట్లు ఆ సెరీన్ రకాన్ని బయటి వైపుకి తిప్పుతాయి, గడ్డకట్టే ప్రక్రియ దాని మీదే ఊపందుకుంటుంది. పొర ఏ ముఖం చూపిస్తే రక్తం అలా నడుచుకుంటోందన్నమాట. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ బయటి ముఖాన్నే పాలిమర్ మీద పెట్టారు. జపాన్‌లో కజుహికో ఇషిహారా 1990 నుంచి ఎంపీసీ అనే అణువును శుద్ధంగా, కావలసినంత తయారు చేసే పద్ధతి తెచ్చి, దాని పాలిమర్లను వైద్యానికి పనికొచ్చేలా తీర్చిదిద్దారు. గొలుసు పొడవునా ఫాస్ఫోరిల్‌కోలిన్ తలలే వేలాడుతుంటాయి. ఇంగ్లండ్‌లో డెన్నిస్ చాప్‌మన్ కూడా ఇదే ఆలోచనతో పనిచేశాడు. కాంటాక్ట్ లెన్సులు, కొన్ని రకాల స్టెంట్లు, కృత్రిమ తుంటి కీళ్ల మీద ఈ జాతి పూతలు వాడకంలోకి వచ్చాయి. ఇవి కణం పొరలో ద్వారాలను అనుకరించవు, దాని చర్మాన్ని మాత్రమే అనుకరిస్తాయి. అయినా పనిచేశాయి. పూత ప్రొటీన్లు అతుక్కోవడాన్ని బాగా తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. పైగా స్టెంట్ పెట్టినప్పుడు నాళం గోడకి కూడా కాస్త గాయమవుతుంది. మాత్రలు అందుకే.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలకి కణత్వచం చూపించడానికి గుడ్డును వెనిగర్‌లో నానబెట్టి పెంకు కరిగిస్తున్నాం. మిగిలిన పొర కణం పొరేనని చెబుతున్నాను. సరైనదేనా?
– సైన్సు టీచర్, ఆమదాలవలస

జవాబు: ఆ ప్రయోగం మానొద్దు గానీ మాట మార్చండి టీచర్ గారూ. పెంకు కింద మిగిలేది ప్రొటీన్ పోగులు అల్లుకున్న పొర. నీటిని రానిస్తుంది, పెద్ద ప్రొటీన్లను ఆపుతుంది. కాబట్టి అది డయలైజర్ గోడకి దగ్గర చుట్టం. గుడ్డును మంచినీళ్లలో ఒక రోజు, చిక్కటి పంచదార పాకంలో ఒక రోజు ఉంచి తూకం వేస్తే పిల్లలకి డయాలసిస్ సూత్రం చక్కగా అర్థమవుతుంది. మన ప్రాంతం పిల్లల్లో ఆ మాట ఇంట్లో వినని వాళ్లు తక్కువ.

కణం పొరను చూపించాలంటే బీట్‌రూట్ తెప్పించండి. దాని ఎర్రరంగు కణాల లోపల పొరల వెనక బంధించి ఉంటుంది. ఒకే సైజు ముక్కలు కోసి, రంగు దిగడం ఆగేదాకా చన్నీళ్లలో కడగండి. ఈ కడగడం తప్పనిసరి, కత్తికి తెగిన కణాల రంగు పోకపోతే ఫలితం తారుమారవుతుంది. తర్వాత కొన్ని ముక్కలు మామూలు నీళ్లలో, కొన్ని 70 డిగ్రీల వేడి నీళ్లలో వేయండి. చన్నీళ్లు తేటగానే ఉంటాయి, వేడినీళ్లు నిమిషాల్లో ఎర్రబడతాయి. వేడికి లిపిడ్‌లు చెదిరి, ప్రొటీన్లు చెడి, పొర తన పని వదిలేస్తుంది. థర్మామీటరు ఉంటే 40, 50, 60 డిగ్రీల దగ్గర కూడా చేయించి, ఎక్కడ రంగు ఒక్కసారిగా పెరిగిందో పిల్లల చేతే నోట్‌బుక్కులో గీయించండి. వేడి నీళ్లు మాత్రం మీరే పోయండి.